పాఠం నేర్వని డ్రైవరు

తూములపాడు బస్సు డిపోలో డ్రైవరు ఓబులేసుకు ఒక పెద్ద లోపం ఉంది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి అతని బస్సు దేనికీ తగల్లేదు. మనిషికి తగల్లేదు, మేకకు తగల్లేదు, రైతులు రోడ్డు మీద ఆరబోసిన కందికట్టెకు కూడా తగల్లేదు.

ఇది లోపమని చాలాకాలం ఎవరికీ తెలియలేదు. తెలియక, ఏటేటా భద్రతా వారోత్సవాల్లో అతన్ని వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి, ఏదో ఒక స్టీలు సామాను చేతిలో పెట్టి పంపేవారు. ఓబులేసు ఇంట్లో చింతపండు నుంచి పప్పుల దాకా అన్నీ సంస్థ పేరు చెక్కిన డబ్బాల్లోనే ఉండేవి.

అతనికి ఒక మొక్కు మిగిలిపోయింది. కొన్నేళ్ల కిందట భార్య నాగసుబ్బమ్మకు కడుపులో గడ్డ లేచింది. ఆమెను ఆపరేషనుకు లోపలికి తీసుకుపోతుంటే ఓబులేసు ఆసుపత్రి వరండాలో నిలబడి గవికొండ మల్లన్నకు దండం పెట్టుకున్నాడు. "సామీ, ఈమెను నాకు తిరిగియ్యి. నా చేతుల్తో నేనే బండి తోలి, నీ కొండకు తెచ్చి, నీ ముందర నిలబెడతా."

సామి మాట నిలబెట్టుకున్నాడు. ఓబులేసే నిలబెట్టుకోలేకపోయాడు. గవికొండకు ఘాట్ రోడ్డు. కార్తీక సోమవారాల్లో వేసే ప్రత్యేక బస్సు వంతులవారీగా సీనియర్లకు ఇస్తారు. ఎప్పుడూ ఎవరో ఒకరు ముందుండేవారు. కారు అద్దెకు తీసుకుని పోరాదా అని కొందరు అన్నారు. "అన్నం పెట్టిన బండి ఇడిచిపెట్టి ఇంగో బండిలో పోతే సామికి మొగమెట్ల చూపించేది?" అన్నాడు ఓబులేసు. చివరికి ఈ ఏడు అతని వంతు వచ్చింది. వచ్చే కార్తీకానికి అతను రిటైరైపోతాడు. కనుక ఇదే మొదటి వంతు, ఇదే చివరిది.

సరిగ్గా అప్పుడే, రాజధానిలో ఒక చల్లని హోటల్లో, ఆ బస్సులు నడిపే జనరథ సంస్థ పెద్దసారు ఒక ఉపన్యాసం విన్నారు. ఉపన్యాసకుడు వరసగా వ్యాపారాలు ముంచి, చివరికి ముంచడం ఎలాగో చెప్పడమే వ్యాపారంగా పెట్టుకుని బాగుపడినవాడు. ఓడిపోనివాడికి ఏమీ తెలియదనీ, దెబ్బ తగిలినవాడే జ్ఞాని అనీ అతను చెప్పాడు. పెద్దసారు కళ్లు చెమర్చాయి. ఆయన కారులో తిరిగివస్తూ, తన సంస్థలో ఇన్నేళ్లుగా తప్పు చేసిన ఇన్ని వేల మందిని శిక్షిస్తూ ఎంత జ్ఞానాన్ని వృథా చేశారో తలుచుకున్నారు. మర్నాడు సర్క్యులరు వచ్చింది.

డిపో మేనేజరు పరాంకుశం దాన్ని గేటు మీటింగులో చదివాడు. ఆయనకు సర్క్యులరు చదివేటప్పుడు గొంతు మారిపోతుంది.

"'వైఫల్యం ద్వారా వికాసం' అను మహత్తర కార్యక్రమమును సంస్థ చేపట్టినది. ఏనాడూ విఫలముకాని ఉద్యోగి, ఏనాడూ నేర్చుకొనని ఉద్యోగిగా భావింపబడును. ఘాట్ రోడ్డు వంటి క్లిష్టమైన మార్గములందు ఇకమీదట పాఠ యోగ్యతా పత్రము పొందిన డ్రైవర్లను మాత్రమే నియోగించవలెను. సదరు పత్రము, స్వీయ తప్పిదము వలన కనీసము ఒక ప్రమాదము చేసి, తద్వారా పాఠము నేర్చిన వారికి మాత్రమే ఇవ్వబడును. చప్పట్లు."

చప్పట్లు అన్నది కూడా సర్క్యులరులోనే ఉంది. అందరూ కొట్టారు.

వెనక వరసలో, స్తంభం చాటున నిలబడ్డ తిరుపాలు మాత్రం కొట్టలేదు. తిరుపాలు మంచివాడే గాని, చెయ్యి మంచిది కాదు. ఒకసారి పెళ్లి పందిట్లోకి బస్సు తోలి వడ్డన ఆపించాడు. ఒకసారి ఉల్లిగడ్డల మండీలోకి పోయాడు. ఇంకోసారి గవికొండ ఘాట్లోనే, పిట్టగోడ కూలగొట్టి, ముందు చక్రం గాల్లో పెట్టి ఆపాడు. ఆ రోజు బస్సులో జనం లేరు. ఆనాటి నుంచి గేటు మీటింగుల్లో అతను స్తంభం చాటుకే పోయేవాడు.

"తిరుపాలు గారు ముందుకు రావాలి" అన్నాడు పరాంకుశం.

'గారు' విని తిరుపాలు స్తంభానికి ఇంకా దగ్గరగా జరిగాడు. ముందుకు వచ్చాక అతనికి శాలువా కప్పారు, డిపో పాఠ గురువుగా ప్రకటించారు. ఆ శాలువా ఈ ఏడాది ఓబులేసుకు కప్పడానికి తెచ్చినదే.

"ఏమప్పా తిరుపాలూ, సల్లగుందా శాలువా?" అన్నాడు ఫోర్మన్ ఖాదర్ వలీ.

"ఊరుకోన్నా. ఇది ఉరితాడో శాలువానో ఇంగా తెలీకుండాది."

ఓబులేసు మర్నాడే డివిజను ఆఫీసుకు పోయాడు. అక్కడ కొత్తగా అభ్యసన అధికారి అని ఒక ఉద్యోగం పుట్టింది. అందులో కోదండపాణి గారు కూర్చున్నారు. ఆయన బల్ల మీద విరిగిన పింగాణీ కప్పు ఒకటి అద్దాల పెట్టెలో ఉంది. అది ఆయన సొంత వైఫల్యం.

"కూర్చోండి. ఘాట్ డ్యూటీ మీకే రావాలి, నిజమే. ఏదీ, మీ ప్రమాదాల వివరాలు చెప్పండి."

"ఏమీ ల్యావు సార్."

"పెద్దవి లేకపోతే పోయె. చిన్న గీత? అద్దం పగలడం? వెనక్కి తీసేటప్పుడు ఎవరి గేటైనా?"

"ల్యా సార్."

కోదండపాణి గారు కళ్లజోడు తీసి జాలిగా చూశారు. "ఇన్నేళ్ల సర్వీసులో? మీ మీద అధికారులెవరూ శ్రద్ధ తీసుకోలేదా?"

"చిన్నప్పుడు సైకిలు మీంచి ఒకతూరి పడినా సార్."

"ఆనాడు మీరు సంస్థలో లేరు. ఆ పాఠం సంస్థకు చెందదు."

"పెండ్లయిన కొత్తలో మా ఇంటిదానితో మాటామాటా వచ్చి..."

"గృహ వైఫల్యాలకు ప్రత్యేక మార్గదర్శకాలు రావలసి ఉన్నాయి."

ఓబులేసు మెల్లగా అడిగాడు. "సార్, తెలీక అడుగుతాండా. మలుపు కాడ ఒకడు పడితే, ఎనక వచ్చేవాడు సూసి నిదానంగా పోతాడు గదా. వాడు నేర్సుకున్నట్టు కాదా?"

"అది పరోక్ష జ్ఞానం. సంస్థ గుర్తించేది ప్రత్యక్ష జ్ఞానాన్ని."

"మావాళ్లు దేవుణ్ణి గూడా సూడకుండానే నమ్ముతారు సార్."

"దేవుడు మా పరిధిలోకి రాడు. దేవాదాయ శాఖ వేరు." కోదండపాణి గారు ముందుకు వంగి గొంతు తగ్గించారు. "నిరాశ వద్దు. మీలాంటి వెనకబడినవారి కోసం సంస్థ ఒక ఏర్పాటు చేస్తోంది. వేచి ఉండండి."

ఈలోగా డిపో రూపురేఖలు మారిపోయాయి. క్యాంటీను మాస్టరు ఉప్మాలో ఉప్పు రెండుసార్లు వేసి, ఆ సంగతి తానే చెప్పుకున్నందుకు నెల ఉత్తమ అభ్యాసకుడయ్యాడు. తర్వాతి నెలా అతనికే రావాలి గనుక ఉప్పు తగ్గించలేదు. వేళకు బయల్దేరే బస్సులు వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. కొత్తగా డ్రైవరు పరీక్షకు వచ్చినవాళ్లలో బాగా తోలినవాళ్లను, ఇంకొన్నాళ్లు అభ్యాసం చేసి రమ్మని తిప్పి పంపారు. ప్రయాణికుల ఫిర్యాదులకు పటాలు కట్టించి గోడకు వేలాడదీశారు. ఒక ముసలాయన తన ఫిర్యాదుకు ఏం చర్య తీసుకున్నారని అడగడానికి వస్తే, బంగారు రంగు చట్రంలో ఉన్న అతని చీటీ ముందు నిలబెట్టి ఫొటో తీశారు.

ఖాదర్ వలీ బ్రేకు పట్టీలు మారుస్తుంటే పరాంకుశం పరుగెత్తుకొచ్చాడు.

"ఏం చేస్తున్నావయ్యా?"

"బ్రేకు పడడంల్యా సార్, సరిచేస్తాండా."

"నువ్వు సరిచేసేస్తే డ్రైవరు ఏం నేర్చుకుంటాడు? పక్క డిపోవాళ్లు ఈ నెలలో ఎన్ని పాఠాలు చూపించారో తెలుసా? ఎక్కువ పాఠాల షీల్డు వాళ్లకు పోతుంది!"

ఖాదర్ వలీ స్పానరు కింద పెట్టలేదు. "సార్, ఈ బండ్లోనే మా సెల్లెలు రోజూ బడికి పాఠం సెప్పను పోతాది. ఆయమ్మకు మీ పాఠం వద్దంట" అని మళ్లీ బండి కిందికి దూరాడు. పైకి ఎవరూ చెప్పుకోలేదు గాని, ఆ డిపో బస్సులు ఇంకా రోడ్డు మీద ఉన్నాయంటే అతను అలా దూరడం వల్లే.

కార్తీకం దగ్గర పడింది. డివిజను ఆఫీసు చెప్పిన ఏర్పాటు కూడా వచ్చింది. గ్యారేజీ వెనక ఖాళీ స్థలంలో ఒక గోడ లేచింది. దాని పేరు అభ్యాస కుడ్యం. డిపోలో అందరూ గుద్దుడు గోడ అన్నారు. ఏనాడూ ప్రమాదం చేయని డ్రైవర్లు అధికారుల సమక్షంలో బస్సుతో దాన్ని గుద్ది, అక్కడికక్కడే పాఠం నేర్చుకుని, పత్రం తీసుకుని పోవచ్చు.

ఓబులేసు ఇంటికి వచ్చి సంగతి చెప్పాడు. నాగసుబ్బమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"సామి కాడికి పోవల్లంటే బండిని గోడకు గుద్దల్లనా?" అంది.

"ఉత్త గోడేలేమ్మే. ఎవరికీ దెబ్బ తగల్దు."

"బండికి తగల్దా?"

ఓబులేసు రోజూ పొద్దున్నే ఆ బండికి పసుపు బొట్టు పెట్టి, స్టీరింగును కళ్లకద్దుకుని ఎక్కేవాడు.

"నీ మొక్కు నీ ఇష్టం" అంది నాగసుబ్బమ్మ. "నేనేతే బతికే ఉండా. సామి ఇచ్చేది ఇచ్చినాడు. ఆయన నిన్ను బండి తెమ్మన్నాడు గాని, పగలగొట్టి తెమ్మన్నాడా?"

అయినా ఓబులేసు పోయాడు. మొక్కు తీరకుండా చచ్చిపోతే ఎలాగన్న భయం అతనిది. గోడకు మామిడాకులు కట్టారు. కోదండపాణి గారు, పరాంకుశం, గోడ కట్టిన కాంట్రాక్టరు కుర్చీల్లో కూర్చున్నారు. ఓబులేసు కళ్లు మూసుకుని మల్లన్నను తలుచుకుని బండి కదిలించాడు. గోడ దగ్గరికి వచ్చేసరికి అతని కాలు అతన్ని అడగకుండానే బ్రేకు తొక్కింది. బండి జానెడు దూరంలో ఆగింది.

"మళ్లీ" అన్నారు కోదండపాణి గారు.

మళ్లీ అంతే. ఇంకోసారీ అంతే.

"ఏమిటీ మొండితనం? కాలు తీసి పక్కన పెట్టండి!"

"నేను తీసినా అదే పోతాంది సార్!" ఓబులేసుకు ఏడుపొచ్చింది.

ఆఖరిసారి బండి ఆగినప్పుడు, ఆ ఊపుకు లేచిన గాలికో, మామిడాకుల బరువుకో తెలియదు, అభ్యాస కుడ్యం తనంతట తానే వెనక్కి పడిపోయింది. దుమ్ము తగ్గాక చూస్తే ఇటుకల మధ్య సిమెంటు ఉన్న గుర్తు ఎక్కడా లేదు.

కోదండపాణి గారు లేచి నిలబడ్డారు. తయారుగా తెచ్చిన పత్రాన్ని వృథా చేయడం ఇష్టంలేక, దాన్ని కాంట్రాక్టరుకు ఇచ్చి చేయి కలిపారు. "నిజమైన వైఫల్యం మీది" అన్నారు. చప్పట్లు కొట్టారు. ఇంకొంచెం పెద్ద గోడ కట్టే పని కూడా అతనికే ఇచ్చారు.

కార్తీక సోమవారం ప్రత్యేక బస్సు తిరుపాలుకు పడింది. డిపోలో అందరికన్నా ఎక్కువ పాఠాలు అతనివే. ఓబులేసు సెలవు పెట్టి, రెండు టికెట్లు తీసుకుని, నాగసుబ్బమ్మతో కలిసి కిటికీ పక్కన కూర్చున్నాడు. మొక్కు తీరకపోయినా ఆమెకు దర్శనమన్నా అవుతుందని.

పథకం ఎంత బాగా నడుస్తోందో చూడడానికి కోదండపాణి గారు కూడా ఎక్కారు. మైకు పట్టుకుని ముందు నిలబడ్డారు.

"భక్త మహాశయులారా! మీరు అదృష్టవంతులు. ఈ రోజు మీ డ్రైవరు సామాన్యుడు కాడు. పెళ్లి పందిరి ప్రమాదం, ఉల్లిగడ్డల మండీ ప్రమాదం, ఇప్పుడు మనం పోతున్న ఈ ఘాట్ రోడ్డులోనే పిట్టగోడ ప్రమాదం, అన్నీ స్వయంగా చేసినవారు!"

బస్సులో ఒక్కసారిగా హరహర మహాదేవ అన్న కేక లేచింది. అది భక్తి వల్ల కాదు.

"ఓ కండక్టరమ్మా, బండి ఆపు, నేను దిగుతా!" అంది ఒక పెద్దామె.

"ఇప్పుడేడ దిగుతావ్ అవ్వా, అడవి ఇది" అంది కండక్టరు మస్తానమ్మ. "కొండ కింద ఆపుతారులే. ఆడ దిగి కాపాడమని మొక్కుకో."

ఘాట్ మొదలయ్యే చోట పోతలయ్య గుడి ఉంది. గుడి అంటే ఒక రాయి, దానికి కుంకుమ. పైకి పోయే ప్రతి బండీ అక్కడ ఆగాలి. డ్రైవరు దిగి ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, రాయి మీద టెంకాయ కొట్టాలి. కొట్టిన చెయ్యే బండి తోలాలి. ఒకరు కొట్టి ఇంకొకరు తోలడం అక్కడ లేదు.

తిరుపాలు దిగాడు. నిమ్మకాయలు పెట్టాడు. టెంకాయ తీసుకుని రాయి ముందు నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. పైన మొదటి మలుపు కనబడుతోంది. దాని పిట్టగోడకు కొత్తగా అతికిన రాళ్ల రంగు ఇంకా వేరేగానే ఉంది.

తిరుపాలు వెనక్కి తిరిగి నేరుగా ఓబులేసు కిటికీ దగ్గరికి వచ్చాడు.

"అన్నా, దిగు."

"ఏమిరా?"

"టెంకాయ నువ్వు కొట్టు."

కోదండపాణి గారు మైకుతోనే పరుగెత్తుకొచ్చారు. "ఏమిటిది? మీకు పత్రం ఉంది! మీరు పాఠం నేర్చుకున్నారు!"

"నేర్సుకున్నా సార్. బాగా నేర్సుకున్నా."

"మీ పాఠం నాకు కంఠతా వచ్చు. 'మలుపు వద్ద విధిగా హారను మోగించవలెను.'"

"అది మీరు సెప్పి రాయించింది సార్." తిరుపాలు తువ్వాలుతో మొగం తుడుచుకున్నాడు. "ఆపొద్దు సక్రం గాల్లో ఉంటే, కిందికి సూసినా. ఆడ నేను నేర్సుకున్నది ఒగటే. ఈ కొండ మీద తిరుపాలు బండి తోలగూడదు. నా సెయ్యికి ఇది రాదు. ఆ మాట సెప్పనీకి నాకు యాడా సందియ్యల్యా మీరు. శాలువా కప్పితిరి, గారు అంటిరి. నేను నోరు మూసుకుంటి. ఇప్పుడు ఎనక ఇంతమంది ముసిలోళ్లు, పిల్లోళ్లు కూసున్నారు. నావల్ల కాదు."

అతను టెంకాయను ఓబులేసు చేతుల్లో పెట్టి, ఇంక తన పని అయిపోయినట్టు రోడ్డు పక్కన కూలబడ్డాడు.

"ఓబులేసుకు పత్రం లేదు! ఏనాడూ ప్రమాదం చేయని మనిషి చేతిలో ఇంతమంది ప్రాణాలు పెట్టడానికి నేను ఒప్పుకోను!" అన్నారు కోదండపాణి గారు.

"సార్," అంది మస్తానమ్మ, "బండి కదలల్ల. మీరు ఎక్కుతారా, కింద నిలబడతారా?"

అడవిలో ఏదో అరిచింది. కోదండపాణి గారు రోడ్డుకు అటూ ఇటూ చూశారు. తర్వాత తన నిరసన నమోదు చేయవలసిందిగా కోరుతూ బస్సెక్కి, వెనక అత్యవసర ద్వారం పక్కన కూర్చున్నారు.

టెంకాయ ఒక్క దెబ్బకు పగిలింది. ఓబులేసు స్టీరింగును కళ్లకద్దుకుని కూర్చున్నాడు. పైకి పోతున్నంతసేపూ చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు. పెద్దామె నిద్రపోయింది. పిల్లలు కోతుల్ని చూసి అరిచారు. ప్రతి మలుపులోనూ బండి, వాకిట్లో ముగ్గు వేసే చెయ్యిలా, తొందర లేకుండా తిరిగింది. నాగసుబ్బమ్మ మాత్రం దారి చూడలేదు. ముందు అద్దంలో కనబడే మొగుడి కళ్లనే చూస్తూ కూర్చుంది. గర్భగుడి ముందు ఓబులేసు ఆమెను నిలబెట్టి, "సామీ, ఇంగో, తెచ్చినా" అన్నాడు.

వారం తిరిగేసరికి విచారణ పూర్తయింది. అభియోగాలు స్పష్టంగానే ఉన్నాయి. సంస్థ నిర్దేశించిన పాఠాన్ని కాదని, అనుమతి లేకుండా వేరే పాఠం నేర్చుకున్నందుకు తిరుపాలు యోగ్యతా పత్రం రద్దు చేశారు. శాలువా వెనక్కి తీసుకున్నారు. క్లిష్టమైన ఘాట్ రోడ్డులో బస్సును క్షేమంగా ఎక్కించి దించి, విలువైన అభ్యసన అవకాశాన్ని సంస్థకు దక్కకుండా చేసినందుకు ఓబులేసును సస్పెండ్ చేశారు.

"ఈ ఘటన నుంచి మీరు ఏం నేర్చుకున్నారు?" అని విచారణాధికారి అడిగారు.

"కొత్తగా ఏమీ ల్యా సార్" అన్నాడు ఓబులేసు. దాన్ని నేరాంగీకారంగా రాసుకున్నారు.

ఇక పథకం సంగతి. తూములపాడులో అది అన్నివిధాలా విఫలమైందని కోదండపాణి గారు నిజాయితీగా నివేదిక ఇచ్చారు. విఫలమైన పథకం కన్నా ఎక్కువ పాఠాలు దేనిలో ఉంటాయి? రాష్ట్రమంతటా అమలు చేయాలని నిర్ణయమైంది. కోదండపాణి గారు ముఖ్య అభ్యసన అధికారి అయ్యారు. ప్రారంభోత్సవానికి పెద్దసారు స్వయంగా తూములపాడు వచ్చి, కొత్తగా కట్టిన పెద్ద గోడకు రిబ్బను కత్తిరించారు. కొంచెం దూరంగా నిలబడి కత్తిరించారు.

సభ అయ్యాక పరాంకుశం జీపు ఓబులేసు ఇంటి ముందు ఆగింది. పరాంకుశం తనే దిగి లోపలికి వచ్చాడు. నాగసుబ్బమ్మ స్టీలు గ్లాసులో మంచినీళ్లిచ్చింది. ఆయన తాగి, గ్లాసు మీద చెక్కిన సంస్థ పేరు చూసి, దాన్ని మెల్లగా పక్కన పెట్టాడు.

"ఓబులేసు గారూ, పెద్దసారు కుటుంబంతో వచ్చారు. గవికొండ దర్శనానికి పోవాలంటున్నారు. పైకి కారు తోలాలి."

"నేను సస్పెండులో ఉండా గద సార్. నాకు పత్రం గూడా ల్యా. పత్రం ఉండేవాళ్లు, పాఠాలు బాగా నేర్సినోళ్లు డిపోలో శానామంది ఉన్నారు గదా."

పరాంకుశం గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు. సర్క్యులరు చదివే గొంతు అది కాదు. "వాళ్లను చూపించానయ్యా. పెద్దసారే వద్దన్నారు. ఆ పాఠం నేర్చుకోని డ్రైవరు ఎవరో ఉన్నాడట గదా, అతన్నే పిలవమన్నారు. మనవళ్లు కూడా కారులో ఉన్నారు. చిన్నపిల్లలు."

ఓబులేసు లేచి, కాళ్లు కడుక్కుని, నుదుట విభూతి పెట్టుకుని చెప్పులేసుకున్నాడు. జీపు దగ్గరికి వచ్చాక, తెలియక అడిగేవాడిలాగే మెల్లగా అడిగాడు.

"సార్, రోజూ మన బస్సుల్లో ఎక్కేది గూడా పిల్లోళ్లే గదా?"

పరాంకుశం దీనికి జవాబు సర్క్యులరులో ఎన్నో పేరాలో ఉందో జ్ఞాపకం చేసుకోబోయాడు. జ్ఞాపకం రాక, జీపు తాళం ఓబులేసు చేతిలో పెట్టి, తను పోయి వెనక సీట్లో కూర్చున్నాడు.